తెల్లగౌను, రెండోసారి

మిషిగన్ రాష్ట్రం మొత్తం మీద ఫ్రెంచి రక్తపిశాచాల మాట నేరుగా అర్థమయ్యే తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఒక చలికాలమంతా, ప్రతి బుధవారం మధ్యాహ్నం, ట్రాయ్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని వాటి మాటల్ని తెలుగులోకి దించాను. ఆ తెలుగు విని, బాగా చదువుకున్న ఒక పెద్దమనిషి, అందులోనూ డాక్టరు, తనకు మిగిలిన ఒక్క కంటిచూపునూ వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. నా మాటకు అంత బలం ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

ఇందులో ఎంత నిజమో నెమ్మదిగా చెబుతాను. తొందరేముంది? ఆ పిశాచాల సినిమాల్లోనూ ఎవరికీ తొందర ఉండదు.

ఆ పెద్దమనిషి మాకు నాలుగు వీధుల అవతల ఉండేవాడు. ఆపరేషన్ ముందు మత్తు ఇచ్చే డాక్టరు. ముప్ఫయ్యేళ్ళ పాటు అమెరికావాళ్ళని నిద్రపుచ్చి, మళ్ళీ లేపి, రిటైరయ్యాడు. నేను కార్ల కంపెనీలో తలుపుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నేనతన్ని ‘డాక్టరూ’ అనేవాణ్ణి, అతను నన్ను ‘ఇంజనీరూ’ అనేవాడు. ఇద్దరికీ అసలు పేర్లు వాడుకలో పోయాయి.

అతని భార్యది యానాం. చిన్నప్పుడు అక్కడి ఫ్రెంచి బడిలో చదువుకున్న మనిషి. మాకు కెనడా నది అవతలే కాబట్టి, విండ్సర్ వైపు నుంచి ఒక ఫ్రెంచి చానెల్ మా టీవీలకు చుక్కలు చుక్కలుగా అందేది. అందులో ఎప్పుడో అర్ధరాత్రి దాటాక వేసే పాత సినిమాలని ఆమె టైమర్ పెట్టి టేపుల మీద రికార్డు చేసుకునేది. మర్నాడు భోజనమయ్యాక బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఒక్కతే చూసుకునేది. ఆమె పోయిన రెండేళ్ళకి డాక్టరు ఒక అట్టపెట్టె తీసి నా ముందు పెట్టాడు. నిండా టేపులు. వాటి వీపుల మీద తెలుగులో, గుండ్రటి అక్షరాలతో చీటీలు: ‘మెట్ల పిల్ల, బాగుంది’, ‘సముద్రం, ముసలాయన, పర్వాలేదు’, ‘తెల్లగౌను, రెండోసారి’.

“ఇన్నేళ్ళూ పైన కూర్చుని పేపరు చదువుకున్నాను ఇంజనీరూ. కింద ఇది ఏం చూసి నవ్వేదో, ఏం చూసి కళ్ళు తుడుచుకునేదో ఒక్కసారి కూడా దిగి అడగలేదు. ఇప్పుడు చూద్దామంటే బొమ్మ ఆనదు. విందామంటే భాష రాదు” అన్నాడు.

అతని ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంట్లో నట్టనడుమ మసక, అంచుల్లో మాత్రం కాస్త వెలుగు. నెలకొకసారి కంట్లోకి ఇంజెక్షన్ చేయించుకుంటే ఆ ఉన్నది నిలుస్తుంది, మానితే అదీ పోతుంది. కారు నడపడం మానేశాడు. కూతురు చాండ్లర్‌లో చిప్పుల కంపెనీలో ఉద్యోగం చేసుకుంటోంది. ఆ పిల్ల నాకు ఫోన్ చేసి, “అంకుల్, డాడీని ఐ క్లినిక్‌కి మీరు తీసుకెళ్తారా? నేను ఎవ్రీ మంత్ ఫ్లై చేసి రాలేను కదా” అంది.

“నేనుండగా నీకా బెంగ ఎందుకమ్మా? అది నా డ్యూటీ. నువ్వింక మర్చిపో” అన్నాను. మాట ఇవ్వడంలో నన్ను మించినవాడు లేడు. నవంబర్లోనూ డిసెంబర్లోనూ మంగళవారం పొద్దున్నే తీసుకెళ్ళాను కూడా.

ఇక ఆ పెట్టె ముందు కూర్చుని డాక్టరు భాష రాదనగానే, “భాషకి నేను లేనూ? పి.యు.సి.లో నా సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి. కాలేజీ ఫస్టు” అన్నాను.

ఇక్కడొక చిన్న సవరణ. ఆ రోజుల్లో మేము ఫ్రెంచి తీసుకున్నది ఫ్రెంచి కోసం కాదు, మార్కుల కోసం. లెక్కల్లో వేసినట్టు వేస్తారని ఎవరో చెబితే చేరాం. మొత్తం నలుగురం, అందులో నేను మూడోవాణ్ణి. ‘నా సెలవులు’ అనే వ్యాసం బట్టీపట్టి ఒడ్డెక్కాను. నిద్రలో లేపి అడిగినా ఇప్పటికీ అప్పజెబుతాను. అందులో ఒక రైలు, ఒక అమ్మమ్మ, ఒక పిల్లి ఉంటాయి. రక్తపిశాచాలు లేవు.

సంగతి విని మా ఆవిడ, “మీకు ఫ్రెంచా? మొన్న బేకరీలో పేరు నోరు తిరగక వేలితో చూపించి కొన్నారు” అంది. అన్నదే గానీ, బుధవారం బుధవారం డబ్బా నిండా బజ్జీలు వేసిచ్చేది. డాక్టరు ఒంటరివాడని ఆమెకు జాలి.

అలా మొదలైంది. బేస్‌మెంట్ గోడకు పైన, నేలమట్టానికి ఒక సన్నని కిటికీ. దాన్ని సగం దాకా మంచు కప్పేసేది. ఆ మంచులోంచి వడగట్టినట్టు వచ్చే తెల్లటి వెలుతురులో టేపు తిరిగేది. పగటివేళే. ఆ సినిమాల్లోనూ దెయ్యాలు పగలే తిరిగేవి. మన సినిమాల్లో దెయ్యానికి పాటా పౌర్ణమీ కావాలి. వీటికి ఏమీ అక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటప్పుడు ఎవరూ లేని ఒక రాతి భవనం, గాలి లేకుండా కదిలే తెర, నీళ్ళు లేని కొలనులో ఒక కుర్చీ. ఆ కుర్చీ అక్కడికి ఎలా వచ్చిందో సినిమా చెప్పదు, ఎవరూ అడగరు.

“ఏం జరుగుతోంది?” అనేవాడు డాక్టరు.

“ఏమీ జరగడం లేదు. ఒక ఆడమనిషి నడుస్తోంది.”

“ఎక్కడికి?”

“ఆవిడకే తెలిసినట్టు లేదు.”

“ఏమంటోంది?”

అక్కడ మొదలయ్యేది నా పాండిత్యం. తెర మీద పెదాలు కదిలితే చాలు, తెలుగు తన్నుకొచ్చేది. ‘నా దాహం నీళ్ళతో తీరేది కాదు’ అనిపించాను ఒకదాని చేత. ‘నువ్వు పుట్టకముందే నిన్ను మర్చిపోయాను’ అనిపించాను ఇంకోదాని చేత. డాక్టరు కళ్ళు మూసుకుని తలూపేవాడు. అతను అలా తలూపుతుంటే నాకు ఇంకో నాలుగు డైలాగులు వచ్చేవి.

నవ్వులాటకే మొదలెట్టాను గానీ, మూడో బుధవారానికి ఆ సినిమాలు నా ఒంటికి పట్టాయి. ముప్ఫయ్యేళ్ళు నేను చేసిన పని కారు తలుపు వేస్తే ఎలా చప్పుడవ్వాలో చూడటం. చప్పుడు సరిగ్గా ఉంటే మనిషికి ధైర్యం, లోపలున్నాననే నమ్మకం. ఆ సినిమాల్లో తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకునేవి, చప్పుడు లేకుండా మూసుకునేవి. ఎవరు లోపలున్నారో ఎవరు బయటున్నారో తెలిసేది కాదు. ఇంటికి వెళ్ళేటప్పుడు మా వీధుల్లో కారు నెమ్మదిగా పోనిచ్చేవాణ్ణి. కార్ల కంపెనీలు కుదేలైన ఏళ్ళవి. ఇంటింటి ముందూ అమ్మకం బోర్డులు. మనుషులు ఖాళీచేసి పోయినా కిటికీలకు తెరలు అలాగే ఉండేవి. ఒక ఇంటి ముందు మంచులో ఒక కుర్చీ కనిపించింది. అది అక్కడికి ఎలా వచ్చిందో నేను అడగలేదు. ఆ వేళ ఇంటికి వెళ్ళి కారు తలుపు రెండుసార్లు వేశాను, చప్పుడు వినడానికి.

జనవరిలో మంచు తుఫాను వచ్చి మంగళవారం క్లినిక్ మూసేశారు. “వేరే రోజు ఇస్తారట, చెబుతాను” అన్నాడు డాక్టరు. తర్వాత నేనూ అడగలేదు. ఆ బుధవారం మామూలుగా వెళ్ళి, గుమ్మంలో బూట్లు విప్పి, బజ్జీల డబ్బా బల్ల మీద పెట్టి, టేపు దూర్చాను. డాక్టరు కోటు వేసుకుని కూర్చున్నాడు. కింద చలి ఎక్కువ.

“ఇంజనీరూ, ఇవాళ...”

“ష్! మొదలైంది” అన్నాను.

అది ‘తెల్లగౌను, రెండోసారి’. గంటన్నర పాటు తెల్లగౌను వేసుకున్న ఒకావిడ వెలిగించిన దీపం పట్టుకుని, పట్టపగలు, ఆ భవనంలో ఎవరినో వెతుకుతుంది. వెతుకుతున్నవాడు ఆమె వెనకే నడుస్తుంటాడు. ఆమె తిరిగి చూడదు. చివరికి ఒక మెట్లవరస దిగి ఎండలోకి వస్తుంది. ఎండ తెరంతా నిండి అంతా తెల్లబడిపోయింది. ఆ తెలుపులో మళ్ళీ ఆమె. తెల్లటి గౌను, రెండు చేతుల్లోనూ తెల్లటి బట్ట ఒకటి ఎత్తి పట్టుకుంది. గాలి హోరు. ఎక్కడో సన్నగా గంటలు. ఆ సినిమాల్లో గంటలు మామూలే. ఆమె మన వైపు తిరిగింది. పెదాలు కదిలాయి. గాలి హోరులో మాట వినపడలేదు.

“ఏమంటోంది?” అన్నాడు డాక్టరు. గొంతు మారింది.

“‘దీపం ఆర్పెయ్యి. చీకట్లో అయితేనే నీ దగ్గరికి వస్తాను’ అంటోంది” అన్నాను. నా మొత్తం కెరీర్‌లో అంతకన్నా మంచి డైలాగు లేదు.

అప్పుడు చూశాను, ఆమె వెనక చెక్క రెయిలింగు. దాని మీద తలకిందులుగా ఆరబెట్టిన రెండు ప్రెషర్ కుక్కర్లు. అది రాతి భవనం కాదు, ఈ ఇంటి వెనక డెక్ అనే చెక్క అరుగు. అది గౌను కాదు, నైటీ. ఎప్పుడో వాళ్ళింట్లో తీసుకున్న వీడియో మీద ఆమె సినిమా రికార్డు చేసుకుంది. సినిమా అయిపోయిన చోట పాత వీడియో మిగిలిపోయింది. రెండేళ్ళ కిందట చనిపోయిన మనిషి నా వైపే చూస్తోంది. ఆమె నోట్లో నేను మాట పెట్టేశాను.

చెప్పవలసింది. చెప్పలేదు. బొమ్మ ఆగిపోయి, తెరంతా చుక్కలు కమ్మాయి.

“మళ్ళీ పెట్టు” అన్నాడు డాక్టరు. పెట్టాను. “ఇంకోసారి” అన్నాడు. మూడోసారికి చెయ్యి చాచి, పక్కన వెలుగుతున్న టేబుల్ లాంపు ఆర్పేశాడు.

ఆ తర్వాత ఏ బుధవారం వెళ్ళినా అదే టేపు, అదీ ఆ చివరి రెండు నిమిషాలే. లాంపు ఆర్పేవాడు, మెడ పక్కకి తిప్పి కంటి అంచుతో తెర వైపు చూసేవాడు, నేను ఆ డైలాగు చెప్పేవాణ్ణి. ఫిబ్రవరిలో ఒకరోజు మళ్ళీ కోటుతోనే కూర్చున్నాడు. ఇల్లు ఇంకా చల్లబడిందనుకున్నాను.

మార్చిలో కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల గొంతులో ఏడుపు. “అంకుల్, క్లినిక్ నుంచి కాల్ వచ్చింది. డాడీ టూ ఇంజెక్షన్స్ మిస్ అయ్యాడు. ఇంకోటి మిస్ అయితే ఆ ఐ కూడా పోతుందంట. ఎందుకు వెళ్ళలేదని అడిగితే ఏమీ చెప్పడు. మీకేమైనా చెప్పాడా?”

నాకు చెప్పలేదు గానీ నాకు తెలుసు. దీపం ఆర్పమన్నాను, ఆర్పుకుంటున్నాడు. చీకటి పడితే భార్య వస్తుందని మిగిలిన కన్నుని వదిలేస్తున్నాడు. నా తెలుగు ఒక మనిషి కన్ను తీస్తోంది. భయం వేసింది. దాచుకోవడం దేనికి, ఆ భయంలో ఒక మూల కాస్త గర్వం కూడా ఉంది.

ఆగలేక అప్పుడే వెళ్ళాను. అది బుధవారం కాదు, గురువారం. బజ్జీలు లేవు. గుమ్మంలోనే నిలబడి అంతా కక్కేశాను. ఫ్రెంచి రాదన్నాను. ‘నా సెలవులు’ సంగతి చెప్పాను. ఆ చివర కనిపించేది సినిమా కాదు, మీ ఆవిడ అన్నాను. ఆ మాట ఆమెది కాదు, నాది అన్నాను. “నా మాట పట్టుకుని కన్ను పోగొట్టుకోకు డాక్టరూ, నీకు దణ్ణం పెడతాను” అన్నాను. ఏడ్చాను కూడా. ఇది మాత్రం పెంచి చెబుతున్నది కాదు.

డాక్టరు నేను ముక్కు చీదడం అయ్యేదాకా ఆగాడు.

“అయిందా? కూర్చో. నీకు ఫ్రెంచి రాదని మొదటి వారమే తెలుసు. దెయ్యం తెలుగులో అంత ప్రాసలతో మాట్లాడుతుందటయ్యా? అది మా ఆవిడేనని కూడా తెలుసు. ఆ గంటలు సినిమావి కావు, మా డెక్ మీద కట్టినవి. వాటి చప్పుడు నాకు తెలీదూ? అందుకే మళ్ళీ మళ్ళీ పెట్టమన్నాను. అంచుల్లో తెల్లగా కదులుతుంటే కాస్త ఆనేది. లాంపు వెలుగు కంట్లో గుచ్చుకుని అది కూడా ఆనక ఆర్పాను.”

“మరి ఆమె ఏమంది?”

“ఏమంటుంది? ఆ కెమెరా నా చేతిలోనే ఉంది. ‘అది అవతల పెట్టి దుప్పటి రెండో కొస పట్టుకోండి, వడియాలు ఆరబెట్టాలి’ అంది. నేను పట్టుకోలేదు. వీడియో తీస్తూ నిలబడ్డాను.”

అప్పుడు కూర్చున్నాను.

“అయితే ఇంజెక్షన్లు ఎందుకు మానేశావు?” అన్నాను.

“నేను మానలేదయ్యా. మంచుకి మూసేశాక బుధవారానికి మార్చారు, మధ్యాహ్నం రెండింటికి. రెండు నెలలూ బుధవారమే. రెండుసార్లూ కోటు వేసుకుని కూర్చున్నాను. తీసుకెళ్ళాల్సిన డ్రైవర్ బూట్లు విప్పి, బజ్జీలు పెట్టి, ‘ష్’ అని సినిమా వేశాడు. రెండోసారి ఆవిణ్ణి చూడొచ్చని నేనూ గట్టిగా అడగలేదనుకో, అది నా తప్పు. మా అమ్మాయికి చెబితే నీ పరువు పోతుందని ఊరుకున్నాను. అంతేగానీ నీ డైలాగుకి కన్ను పోగొట్టుకునేంత వెర్రివాణ్ణి కాదు. రేపు తొమ్మిదింటికి ఇస్తామన్నారు. రా. బూట్లు విప్పకు.”