తగ్గిన ముప్పై యూనిట్లు

ఉత్తరాదిలోని ఇందిరాపురంలో ఆఫీసు బస్సు దిగిన ఛాయాదేవి తిన్నగా లిఫ్టు ఎక్కదు. మెట్ల కింద వరసగా ఉన్న మీటర్ల దగ్గర ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తమ మీటరు అద్దానికి ముక్కు ఆనించినంత పని చేస్తుంది. ఇన్ని వాట్ల వస్తువు ఇన్ని గంటలు నడిచింది, రెండూ హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఇన్ని యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, హిందీ ముక్క రాని అత్తగారి గదిలో మధ్యాహ్నాలు తిరిగే కూలర్, అన్నీ నోటి లెక్కే. బిల్లు రాకముందే అంకె చెప్పేస్తుంది. అది పెద్దగా తప్పదు.

ఆ మే నెలలో తప్పింది. ముప్పై యూనిట్లు తక్కువొచ్చాయి. "తక్కువొస్తే మంచిదేగా," అన్నాడు భర్త శివరామకృష్ణ. ఆవిడకి మాత్రం అన్నం సయించలేదు. లెక్కలోంచి ఒక్కో వస్తువే తీసేసి చూసుకుంది. రెండొందల వాట్ల కూలర్, రోజుకు ఆరు గంటలు, ఆదివారాలు పోగా నెలంతా. ఇంచుమించు అంతే.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారి గదిలోకి వెళ్ళింది. కూలర్ తిరుగుతూనే ఉంది గానీ, దిండు కింద విసనకర్ర పిడి కనిపించింది.

"మేం లేనప్పుడు కూలర్ వేసుకోవట్లేదా అత్తయ్యా? ఈ ఎండల్లోనా?"

అత్తగారు కాస్త సిగ్గుపడింది. "అది వేస్తే ఆ రొదలో పైవాళ్ళ మాటలు వినపడవమ్మా. కొత్తగా దిగారు. తెలుగువాళ్ళే."

ఛాయాదేవి కూలర్ కట్టేసింది. పైన ఎవరో ఆడమనిషి, "ఈ ఒక్క ముద్దా తినమ్మా," అని పిల్లని బతిమాలుతోంది. ఇద్దరూ కాసేపు కదలకుండా విన్నారు. తర్వాత ఛాయాదేవి వెళ్ళి, అత్తగారి చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టింది.