డయాలసిస్ కేంద్రంలో అందని డేటాబేస్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నన్ను సిస్టమ్స్ ఆఫీసరుగా నాగర్‌కర్నూల్‌కు వేశారు. గద్వాల, వనపర్తి కూడా నా పరిధే. సర్కారు ఆసుపత్రుల్లో, వైద్య కేంద్రాల్లో కంప్యూటర్లు మొరాయిస్తే వెళ్లి సరిచేయడం, కారణం రాసి పైకి పంపడం నా పని. వనపర్తి వైపు ఒక డయాలసిస్ కేంద్రంలో చూసింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను వెళ్లేసరికి గోపాల్‌పేట రైతు బాలయ్య వరండా బెంచీ మీద ఒరిగిపోయి ఉన్నాడు. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది.

"కంప్యూటర్ సారు మీరేనా? మిషిని ఖాళీగనే ఉంది సారూ. కంప్యూటర్ తెరుసుకుంటలేదని రేపు రమ్మంటుండ్రు. ఈయనకు ఊపిరాడ్తలేదు. రేపటిదాంక ఎట్ల ఆగాలె?"

లోపల మేనేజరు ఆపరేటరు షాహీన్‌ను నిలబెట్టి తిడుతున్నాడు. "నేనేం ఖరాబ్ చెయ్యలే సార్," అందామె నాతో. "అప్‌డేట్ అడిగింది. బంద్ చేసి మళ్ల చాలూ చేసిన, గంతే."

ముందు బాలయ్యను మిషన్ మీదికి తీసుకోమన్నాను. సిస్టంలో పేరు ఎక్కకుండా కుదరదు, రూల్ అన్నాడు మేనేజరు. ఆ రూల్ చూపించమంటే చూపలేకపోయాడు. నా గొంతు వరండా దాకా వినిపించే ఉంటుంది. జిల్లా ఆరోగ్య అధికారికి ఫోన్ కలిపి మేనేజరు చేతికిచ్చాను. వివరాలు కాగితం మీద రాసుకుని మొదలుపెట్టమని ఆయన ఆదేశించాకే డ్యూటీ డాక్టరు బాలయ్యను లోపలికి తీసుకున్నారు.

అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. రోగుల వివరాలు దాచే డేటాబేస్ సర్వర్ విండోస్‌లో ఉంది. పేర్లు ఎక్కించే ప్రోగ్రాం అదే డెస్క్‌టాప్‌లో, విండోస్ లోపలే వేరుగా నడిచే లినక్స్ సబ్‌సిస్టంలో ఉంది. పెట్టె ఒకటే అయినా నెట్‌వర్క్ లెక్కలో అవి రెండు వేర్వేరు కంప్యూటర్లు, దేని చిరునామా దానిదే. విండోస్ వైపు నుంచి చూస్తే డేటాబేస్ బాగానే పలికింది. లినక్స్ వైపు నుంచి అడిగితే జవాబే లేదు. విండోస్‌కు ఇప్పుడున్న చిరునామా ఏమిటో లినక్స్‌లో చూసి, ప్రోగ్రాం సెట్టింగుల్లో రాసి ఉన్న దానితో పోల్చాను. రెండూ వేరు. ఆ చిరునామా కంప్యూటర్ తిరిగి మొదలైనప్పుడు మారిపోతుంది. ఈ సిస్టం అమర్చిన కాంట్రాక్టరు మనిషి దాన్ని శాశ్వతమనుకుని రాసేసి చేతులు దులుపుకున్నాడు.

కొత్తది రాస్తే ఈసారి డేటాబేసే తిరస్కరించింది. దాని అనుమతుల్లోనూ పాత చిరునామాలే ఉన్నాయి. సబ్‌సిస్టం నుంచి వచ్చే కనెక్షన్లు అన్నిటికీ అనుమతి ఇచ్చి, మొదలైన ప్రతిసారీ ప్రోగ్రామే చిరునామా కనుక్కునేలా చిన్న స్క్రిప్టు పెట్టాను. కంప్యూటర్‌ను ఆపి, తిరిగి మొదలుపెట్టి చూశాను, ఈసారి డేటాబేస్ అందింది. షాహీన్ బాలయ్య పేరు ఎక్కించింది.

ఇంతలో మేనేజరు ఒక మెమో తెచ్చాడు. ఆపరేటరు నిర్లక్ష్యం వల్లే సిస్టం ఆగిందని నేను ధ్రువీకరించాలట. "పైకి ఏదో ఒకటి రాయాలె కద సార్. ఆమెది చిన్న నౌకరీ," అన్నాడు.

చిన్న నౌకరీ అయితే ఊడబీకవచ్చన్నమాట! సంతకం చేయలేదు. తప్పు సెట్టింగు ఎవరు పెట్టారో, రోగిని ఎవరు వెనక్కి పొమ్మన్నారో నా నివేదికలో రాశాను.

షాహీన్ ఉద్యోగం నిలిచింది. బాలయ్య ఆ సాయంత్రం నడిచి బస్సెక్కాడు. కానీ పై ఆఫీసులో నా నివేదికను "సాంకేతిక కారణం" అని ముగించారు. కాంట్రాక్టరును ఎవరూ పిలవలేదు, మేనేజరును ఎవరూ అడగలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఏ నివేదికలోనూ నేను ఆ రెండు మాటలు రాయలేదు, రాయనివ్వలేదు. ఏ సెట్టింగు తప్పిందో, దాన్ని ఎవరు పెట్టారో రాయించాను. ఏ కేంద్రానికి వెళ్లినా, కంప్యూటర్ ఆగితే పని కాగితం మీద ఎలా సాగుతుందో ముందు అడిగేవాడిని. జవాబు లేని చోట కంప్యూటర్ బాగున్నా, బాగుందని సంతకం పెట్టలేదు.