ఆడికృత్తిక నాడు మేకల దారిలో సైకిలు

మా చిన్నప్పుడు... మా ఊరి వెనక రాళ్ళకొండ మీద మేకలు నడిచి నడిచి పడిన సన్నటి దారి ఒకటుండేది. తిరుత్తణికి పోయే తారురోడ్డు ఆ కొండను చుట్టుకుని పోతే, మేకల దారి నేరుగా దాటి, అవతల మళ్ళీ అదే రోడ్డులో కలిసేది. బడికి సెలవులిస్తే చాలు, మా మేనమామ సైకిలు తీసుకుని అక్కడికే పోయేదాన్ని. సీటు అందేది కాదు. బారు కింద కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కేదాన్ని. ఏ మలుపులో గులకరాళ్ళు జారతాయో, ఎక్కడ దిగి తోసుకోవాలో అంతా తెలుసు...

"ఆడబిడ్డవి, కొండమింద సైకిలేందే నీకు? మోకాళ్ళు పగలగొట్టుకుంటే ఎవుడు చేసుకుంటాడు?" అని అవ్వ, అంటే నాయన తల్లి, రోజూ తిట్టేది. మరునాడు మళ్ళీ మామూలే.

నాకు పన్నెండేళ్ళప్పుడు నాయనకు విషజ్వరం వచ్చింది. నెలరోజులు మంచం దిగలేదు. "నా కొడుకు లేచి తిరిగితే, నా మనవరాలు చెప్పుల్లేకుండా నడిచొచ్చి పాలు పోస్తాది సామీ" అని అవ్వ తిరుత్తణి కొండమీది మురుగన్‌కు మొక్కుకుంది. నాయన లేచాడు...

ఆడికృత్తిక అంటే ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ. ఆ నాడు పసుపు బట్టలు కట్టుకుని, పాలచెంబు నెత్తిన పెట్టుకుని బయలుదేరాను. నాయనకింకా నీరసం, బస్సులో వస్తానన్నాడు. అమ్మ చంటి తమ్ముడితో ఇంట్లోనే ఉండిపోయింది. నాతో అవ్వ, మామ. మామ చద్దిమూటలు సైకిలుకు తగిలించి తోసుకుంటూ వచ్చాడు. కొంతదూరం పోయాక మజ్జిగ పందిరి కనిపించింది. అక్కడ దోసిట్లో పోస్తారు. దోసిలి పట్టాలంటే రెండు చేతులూ కావాలి కదా... చెంబు కింద పెట్టేశాను.

"అయ్యయ్యో పాపా, నేల తగిలిన పాలు సామికి పోస్తారా?" అని పందిట్లో ఒక అక్క అరిచింది.

అవ్వ అక్కడే కూలబడింది. నాయనకు జ్వరం తిరగబెడుతుందేమోనని నాకు భయమేసింది. ఇంట్లో పొద్దున పితికిన పాలు ఇంకా ఉన్నాయని గుర్తొచ్చింది. ఎవరినీ అడగలేదు. మూటలు దించేసి, ఖాళీ చేసిన చెంబుతో సైకిలు ఎక్కేశాను. "మేకల దారి కొండ దిగే కాడ ఉండు మామా!" అని మాత్రం అరిచాను.

అమ్మ చెంబు కడిగి, పాలు నింపి, మూతికి గుడ్డ కట్టి, చంటిబిడ్డను కట్టినట్టు నా గుండెలకు కట్టింది. మేకల దారిలో కొండ నెత్తికి వచ్చాక గానీ తట్టలేదు... అవ్వ మొక్కింది నేను నడిచి వస్తానని కదా! దిగి నడిస్తే నేను చేరేలోపే గుళ్ళో అభిషేకం అయిపోతుంది. తొక్కితే మొక్కు తప్పుతుంది. ఏడుస్తూనే తొక్కాను.

కింద అవ్వ, మామ నిలబడి ఉన్నారు.

"అవ్వా, నేను నడవలేదు... తొక్కుకుంటానే వచ్చినా."

"సామే నెమలెక్కి తిరగతాడు. దీనికి సైకిలు కూడా వద్దా అత్తా?" అన్నాడు మామ.

అవ్వ నవ్వలేదు. కూర్చుని నా పాదం ఒళ్ళోకి తీసుకుంది. రబ్బరు ఊడిన పెడలు ఇనుము గుచ్చుకుని రక్తం కారుతోంది. కొంగుతో తుడిచింది.

"చక్రం తిప్పింది ఈ కాళ్ళే కదా... లెయ్యి. సామికి ఇది చాలు."

అక్కడినుంచి తిరుత్తణికి నడిచిపోయి, గుడి మెట్లెక్కి పాలు పోశాము. పైన నాయన నా నుదుట విభూతి పెట్టాడు. ఆ రోజు తర్వాత సైకిలు ఎక్కితే అవ్వ ఒక్క మాట అనలేదు.

పది పాసయ్యాక పల్లె పోస్టాఫీసు ఉద్యోగానికి సైకిలు తొక్కడం రావాలన్నారు. మా ఊళ్ళో ఆడపిల్లల్లో వచ్చింది నాకొక్కదానికే. అప్పటినుంచీ కొండపల్లెలకు ఉత్తరాలు మోస్తూనే ఉన్నాను. "పోస్టమ్మా, మావోడు కడిదాసు రాసినాడా?" అని గుమ్మాల్లో అడిగేవాళ్ళు... నాయన నా పిల్లల్ని ఎత్తుకుని ఆడించి, నిండు వయసులో పోయాడు. మురుగన్ నాకేమీ తక్కువ చేయలేదు.

ఇప్పుడు ఉత్తరాలు తగ్గాయి. మేకల దారి కంపచెట్లతో మూసుకుపోయింది. ఆదివారాలు మద్రాసు పిల్లలు గేర్ల సైకిళ్ళతో వచ్చి, దారి లేదని వెనక్కి పోతుంటారు. వాళ్ళను చూస్తే కాళ్ళు ఊరుకోవు...

మీరూ చిన్నతనంలో ఇట్లా తప్పు చేసి, శిక్ష పడుతుందని వణికిపోతుంటే పెద్దవాళ్ళు ఒక్క మాటతో గుండె బరువు దించేసిన రోజు ఉందా? ఉంటే చెప్పండి... అట్లా తీర్పు చెప్పే అవ్వలు ఇప్పుడు తక్కువైపోయారు.