రేవులో సర్దారు కేక

గోదావరిఖని రేవులో ఇప్పుడు ఇనుప మంచె లేచింది, నీడకు పైన రేకు కూడా వేశారు. ఒకప్పుడు అక్కడ ఉన్నవి వెదురుబొంగులు, ఒక తాడు, గాలి కొట్టిన లారీ ట్యూబు. అంతే! అప్పట్లో జనం స్నానానికి వచ్చేవారు. ఇప్పుడు స్నానం సగం, సెల్ఫీలు సగం. ఆదివారమైతే మిర్చిబజ్జీల వాసనకే కడుపు నిండిపోతుంది.

ఆ మంచె మీద ఎర్ర లైఫ్‌జాకెట్టు వేసుకుని, మునిగేవాళ్లను కాపాడటానికి కూర్చునేది సారలమ్మ. ఈతలో ఆమెకు తిరుగులేదు, నోటికి అసలే లేదు. లోతుకు హద్దుగా పాతిన ఎర్రజెండాలు దాటిన పోరగాళ్లను ఒక్క కేకతో ఒడ్డుకు తెస్తుంది. తంటా అంతా పెద్దవాళ్లతోనే. ఎండాకాలంలో ఇసుక మీద నడిచే అవతలి ఒడ్డుకు పోయినవాళ్లు మరి! ఇసుక తోడేసిన చోట గుంతలు పడ్డాయంటే నమ్మరు. కాళ్లకు గుర్తున్న ఏటినే నమ్ముకుని నడుస్తారు.

వాళ్లలోకెల్లా మొండిఘటం ఆమె తండ్రి ఎల్లన్నే. బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి. సర్దారంటే కర్రతో గని కప్పును తట్టి చూసి, రాలేలా ఉంటే మనుషుల్ని వెనక్కి పిలిచేవాడు. అతను వద్దంటే ఎంతటివాడైనా ఆగాల్సిందే.

కార్తీక పున్నమి పొద్దున రేవు కిటకిటలాడుతోంది. ఎల్లన్న చేతికర్రతో జెండాలు దాటి నడుంలోతుకు వెళ్లిపోయాడు. వెనకే బాయిలో అతనితో పనిచేసిన పాత జతగాళ్లు నలుగురైదుగురు. సారలమ్మ విజిల్ ఊదింది.

"బాపూ, ఆగు! ముంగట గుంత ఉన్నది!"

"నాకే చెప్తున్నవా? నీకు ఈత నేర్పింది నేను. ఫికర్ జెయ్యకు, కూసో!"

జనం గొల్లున నవ్వారు. సారలమ్మకు ఒళ్లు మండింది. ఇప్పుడు దూకినా ఆమె అందేలోపు తండ్రి గుంతలో ఉంటాడు. కన్నతండ్రే వినకపోతే రేపు ఆమె మాట ఇంకెవరు వింటారు? లేచి నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"కప్పు బాగలేదు! మనుషులందరు బయటికి రాండ్రి!"

ఎల్లన్న కాళ్లు ఠక్కున ఆగిపోయాయి. ఏళ్లతరబడి బాయిలో తాను వేసిన కేకే అది. వెనకున్న జతగాళ్లు అప్పటికే ఒడ్డువైపు తిరిగారు. ఎల్లన్న కర్రను ముందుకు చాచి నీళ్లలో గుచ్చాడు. పిడిదాకా దిగినా అడుగు తగల్లేదు.

తడిబట్టలతోనే వచ్చి, అందరూ చూస్తుండగా మంచె కింద నిలబడ్డాడు. తల పైకెత్తాడు.

"బిడ్డా, యాడ మునగమంటవో నువ్వే చెప్పు."