తుమ్ముల మధ్య తాంబూలాలు

ఆ రోజుల్లో నాకు భక్తి ఎక్కువ, బుద్ధి తక్కువ. (భక్తి ఇప్పటికీ ఉంది, స్వామి దయ. బుద్ధి సంగతి మీరే చదివి చెప్పండి.) నల్లపాడు దాటాక కట్టిన ఏసీ ఫంక్షన్ హాల్లో ఆఫీసు చూసుకోవడానికి అమ్మాయి కావాలట అన్న కబురు మొదట తెచ్చింది మా చిన్నత్త. బడి ముఖం చూడకుండా నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకున్న నాకు ఉద్యోగం వస్తుందని నమ్మింది ఆవిడొక్కతే; వచ్చింది.

హాలుకి ఒక పక్క మిరపకాయలు ఆరబోసే కల్లాలు, ఇంకో పక్క పత్తి మిల్లు. ఎర్రటి ఘాటు దుమ్మూ తెల్లటి దూదీ జంటగా వచ్చి, వెనక గోడకి వరసగా ఉన్న ఏసీల బయటి పెట్టెల మీద వాలేవి. నాకు జాలేసింది. తాము ఎండలో నిలబడి మనకి చల్లదనం పంపే తల్లులు కదా అని ఒక్కో పెట్టెకీ పసుపు రాసి, బొట్టు పెట్టి, దుమ్ము పడకుండా అమ్మ పాత నేతచీరలు చుట్టబెట్టాను. ఆనాటి నుంచి హాలు చల్లబడటం మానేసింది. రిమోటు పదహారుకి దించినా లాభం లేదు, మీటరు మాత్రం పరుగు ఆపలేదు. హాలు యజమాని, మేమంతా పెద్దాయన అనేవాళ్లం, నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పారు: "అమ్మాయ్, శుక్రవారం ఒంగోలు వాళ్ల నిశ్చితార్థం. హాలు ఉక్కగా ఉందని ఒక్క మాట వచ్చిందా, శనివారం నుంచి మళ్లీ మీ నాన్నగారి దగ్గర చదువుకుందువుగాని."

అందరూ గాలి బాబాయి అని పిలిచే ఏసీ మెకానిక్కు, రేపు రేపంటూ తీరా శుక్రవారం పొద్దున, పెళ్లివారు కూర్చున్నాక వచ్చాడు. చీర కట్టుకున్న పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"ఏమ్మా, వీటికి సీమంతం చేశావా?"

"దుమ్ము పడకుండా, బాబాయ్."

"నీ మూతికీ ముక్కుకీ చీర చుట్టి పరిగెత్తమంటే పరిగెడతావా? లోపలి వేడి ఇక్కణ్నుంచే పోవాల. పోకపోతే ఊపిరాడక కరెంటు తాగుద్దే గాని చల్లదనం ఇవ్వదు."

చీరలు విప్పితే రేకుల సందుల్లో దూదీ కారం దుమ్మూ కలిసి పరుపులా పేరుకుని ఉన్నాయి. "నెలకోసారి దులిపితే ఇంతయ్యేదా?" అని గొణిగి, దుమ్ము ఊదే మిషను నా చేతిలో పెట్టాడు. "నేను లోపల ఏసీల్లో దుమ్ము పట్టే జాలీలు కడిగొస్తా. ముందు కిటికీలు మూయించి, అప్పుడు ఊదు." ఉక్కకి తాళలేక పెళ్లివారు అప్పటికే కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంచారు. ముహూర్తం దగ్గరపడుతోందన్న కంగారులో నేను ఆంజనేయస్వామిని తలుచుకుని నేరుగా మీట నొక్కాను.

ఎర్రటి మేఘం ఒకటి లేచి సరాసరి హాల్లోకి వెళ్లింది. తాంబూలం పళ్లెం చేతులు మారబోతుండగా పెళ్లికూతురి నాన్న తుమ్మారు. మంత్రం మధ్యలో పురోహితుడు, కెమెరా వెనక వీడియో అబ్బాయి, ఆపైన వరసలకి వరసలే. పిల్లి ఎదురొస్తే బస్సు వదులుకునే రకం పెళ్లికొడుకు మేనమామ. ఆయన పళ్లెం కింద పెట్టేశారు. "అపశకునం అండీ. ఇవాళ్టికి ఆపుదాం." పెళ్లికూతురి ముఖం వాడిపోయింది. కిటికీ అవతల మిషను పట్టుకుని, కారం దుమ్ముతో అచ్చం సిందూరం పూసిన హనుమంతుడిలా నేను. నా ఉద్యోగం పోతే పోయింది, ఆ పిల్ల పెళ్లి నిలబెట్టు స్వామీ అని మొక్కుకున్నాను.

అప్పుడు పెళ్లికొడుకు మామ్మగారు నోరు తెరిచారు. ముందు ఆవిడా తుమ్మారు. ముక్కు తుడుచుకుని అన్నారు: "ఒకళ్లు తుమ్మితే ఆగాలన్నారు గాని, హాలంతా తుమ్మితే ఆగమని ఎవరన్నార్రా? ఎవరి శకునం ఎవరికి తగిలిందో నువ్వు తేల్చేలోపు పిల్లకి నా వయసొస్తది. పళ్లెం అందుకో."

మేనమామ జవాబు చెప్పబోయి, తుమ్మి, పళ్లెం అందుకున్నారు. హాలంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుల్లోనే కిటికీలు మూశారు, బాబాయి ఏసీలు వేశాడు. భోజనాల వేళకి మామ్మగారు చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, "ఇదిగో అమ్మాయ్, చలేస్తోంది, కాస్త తగ్గించు" అన్నారు. పక్కనే ఉన్న పెద్దాయన విన్నారు. నేను రిమోటు ఇరవై ఆరుకి పెంచాను, శనివారం మామూలుగా పనిలోకి వచ్చాను.

ఇప్పుడు ఆ హాలంతా నేనే చూసుకుంటున్నాను. నెల మొదట్లో జాలీలు కడిగిస్తాను, కిటికీలు మూయించి మరీ పెట్టెలు దులిపిస్తాను. కిటికీ అవతల మిషను పట్టుకున్న ఆనాటి ఎర్రముఖం పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. మామ్మగారు పోయారు. మీ ఇంట్లో ఏసీ దులిపేటప్పుడు దుమ్ము ముక్కుకెక్కి తుమ్మొస్తే, శకునం అని ఆగకండి. ఆవిడని ఒక్కసారి తలుచుకుని, పని కానివ్వండి.