కనక ఎంచిన స్ప్రింగులు

అనంతగిరిలో కనక షెడ్డుకు బోర్డు లేదు. అవసరమూ లేదు. ఘాటు రోడ్డు మీద జీపు మొరాయిస్తే ఎవరిని పిలవాలో ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. నలభై దాటిన కొండదొర తెగ ఆడకూతురు ఆమె. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా తొడుక్కుని బండి కిందికి దూరిందంటే బయటికి కనిపించేవి రెండు పాదాలే. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పాదాలు చూసి "మెకానిక్కు లేడా అమ్మా?" అని అడుగుతారు. "ఉన్నాడు, ఆగు" అంటుంది కింద నుంచి.

ఆమెకు పని నేర్పింది పైడయ్య మేస్త్రి. శృంగవరపుకోట నుంచి వచ్చి ఈ షెడ్డు వేసినవాడు. ఇరవై ఏళ్ల కిందట కిరసనాయిలుతో సామాన్లు కడగడానికి ఆయన దగ్గర చేరింది కనక. కడిగిన ప్రతిదీ ఎక్కడిదో, ఎందుకు పాడైందో అడిగేది. మొదట్లో ఆయన విసుక్కున్నాడు, తర్వాత చెప్పాడు, చివరికి షెడ్డే అప్పగించాడు. ఇప్పుడు ఆయనకు డెబ్భై దాటాయి, కళ్లకు మసకలు కమ్మాయి. అయినా రోజూ వస్తాడు, ఇది ఇలా కాదు అది అలా కాదు అంటాడు. ఆయన మాట కనక ఏనాడూ దాటలేదు. పోయిన ఏడాది కాఫీ కాయల కాలంలో మాత్రం దాటింది.

ఫల్గుణ అనే డ్రైవరుకు ముప్పై ఏళ్ల నాటి పెట్రోలు జీపుంది. కొండ మీది ఊళ్ల నుంచి కాఫీ బస్తాలు దించాలన్నా, రేషను బియ్యం ఎక్కించాలన్నా అదే దిక్కు. ఒకరోజు కాశీపట్నం వైపు దిగుతుంటే లోపల టపామని పేలినట్టు చప్పుడై ఆగిపోయింది. విప్పి చూస్తే వాల్వు వంగింది, పిస్టను నెత్తిన గాటు పడింది.

"నానేటీ సెయ్యనేదక్కా," అన్నాడు ఫల్గుణ, ఒట్టు పెట్టినట్టు. "యాక్సిలేటరు మీద కాలే ఎయ్యనేదు. సెకండు గేరులో పడేసి ఒదిలేసినాను. ఎలాగూ ఇప్పినావు గదా, ఇంజినుకి బలం పెంచు. బియ్యం ఏసుకుని ఎక్కలేక సచ్చిపోతంది."

బలం పెంచడానికి వాల్వుల్ని ఇంకాస్త ఎత్తుకు లేపే కొత్త క్యాము తెప్పించింది కనక. క్యాము అంటే వాల్వుకొకటి చొప్పున ఎనిమిది ముక్కులున్న ఇరుసు; ముక్కు తోస్తే వాల్వు తెరుచుకుంటుంది. మళ్లీ మూసేది స్ప్రింగు. ఇంజిను మరీ వేగంగా తిరిగితే మెత్తటి స్ప్రింగు అందుకోలేదు. వాల్వు ఇంకా తెరిచి ఉండగానే పిస్టను వచ్చి గుద్దుతుంది. ఫల్గుణ బండికి జరిగింది అదే. కాబట్టి స్ప్రింగులు మార్చాలి. మూడు రకాలు వచ్చాయి: మెత్తవి, నడిమివి, పందేల బండ్లకు వేసే గట్టివి.

పైడయ్య ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసి గట్టివి పక్కన పెట్టాడు. "ఇయ్యి ఎయ్యి. బేగి బిగించు, జాగు సెయ్యకు. స్ప్రింగు గట్టిదైతే వాల్వు ఎక్కడికెల్తాది?"

కనక సరేననలేదు. ఈ ఇంజిను మళ్లీ పోతే ఫల్గుణ బతుకు రోడ్డున పడుతుంది. అంతకన్నా ఆమెను కలవరపెట్టింది ఇంకొకటి. ఆ షెడ్డు నడుస్తున్నది పైడయ్య పేరు మీద. ఆ పేరు తన చేతిలో పోకూడదు.

మర్నాడు అలాంటి జీపే ఉన్న గాసి అనే డ్రైవరును బతిమాలి, ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే మీటరు తగిలించి, సంతకు వెళ్లే జనంతో పాటు ముందు సీట్లో కూర్చుంది. ఎక్కేటప్పుడు ముల్లు రెండున్నర వేలు దాటలేదు. దిగేటప్పుడు గాసి కూడా అందరిలాగే సెకండు గేరులో వేసి కాలు తీసేశాడు. ముల్లు నాలుగు వేల ఎనిమిది వందలకు పోయింది! కాలు తీస్తే ఇంజిను విశ్రాంతి తీసుకుంటుందనుకుంటారు ఇక్కడి డ్రైవర్లు. బండి బరువంతా చక్రాల మీదుగా వచ్చి దాన్ని తిప్పి చంపుతుందని ఎవరికీ తోచలేదు. బలమంతా ఎక్కడానికే అని లెక్కేసి ఇంజిన్లు కట్టినవాళ్లకూ తోచలేదు.

ఇక స్ప్రింగుల బలం తేల్చాలి. వేలితో నొక్కితే తెలిసేది కాదు. డ్రిల్లింగు మిషను ఆటోలో వేసుకుని కాఫీ కాయలు తూచి కొనే నాగలక్ష్మి దగ్గరికి వెళ్లింది. ఆమె కాటా మీద స్ప్రింగు నిలబెట్టి, పైనుంచి మిషనుతో వాల్వు తెరుచుకునేంత మేర నొక్కి, కాటా ఎన్ని కిలోలు చూపిస్తుందో రాసుకుంది.

"ఏటే కనకా, ఈ ఏడు స్ప్రింగులు పండించినావేటి? తేమ సూడకుండా కొనను," అంది నాగలక్ష్మి. కాయలు తెచ్చినవాళ్లంతా పడీ పడీ నవ్వారు. కనకా నవ్వింది, లెక్క మాత్రం తప్పలేదు. దిగేటప్పటి వేగానికి మెత్తవి చాలవని, నడిమివి సరిపోతాయని తేలింది. నడిమి రకం ఎనిమిదింట్లో ఒక స్ప్రింగు రెండు కిలోలు తక్కువ తూగితే, మిగతావాటితో సమం కావడానికి దాని కింద పలచటి వాషరు వేయాలని గుర్తు పెట్టుకుంది.

సాయంత్రం పైడయ్యతో చెప్పింది. "మేస్త్రీ, గట్టియి ఎయ్యను. నడిమియి ఏస్తాను."

"ఏటన్నావు?"

"దిగినప్పుడు వాల్వుని అందుకునే బలం సాలు. అంతకు మించితే, ఎక్కినప్పుడు ఇంజిను నెమ్మదిగా తిరుగుతాది గదా, ఆ బరువంతా క్యాము ముక్కు మీద కూకుంటాది. అరిగిపోద్ది."

"అయితే నానేసినయ్యన్నీ అరిగిపోనాయా?"

కనక తల దించుకుంది గానీ అబద్ధమాడలేదు. "కొన్ని పోనాయి మేస్త్రీ. అరిగిన క్యాములు కడిగింది నానే గదా."

ముసలాయన కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. మూడు రోజులు షెడ్డు వైపు రాలేదు.  అయినా కనక బిగించింది నడిమి రకమే.

బస్తాలు నింపి ఘాటు దింపే రోజున పైడయ్య వచ్చి, ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో కూర్చున్నాడు. "పోతే నా పేరు పోద్ది. నా సెవుల్తో నానింటుండగానే పోనీ," అన్నాడు.

ఫల్గుణ సెకండులో వేసి కాలు తీశాడు. ఈ బండికీ తగిలించిన మీటరులో ముల్లు అయిదు వేలకు చేరువైంది. ఇంజిను గొంతెత్తి అరిచింది, వెనక బస్తాల మీద కూర్చున్న కనక మలుపు మలుపుకూ మీటరు వైపు మెడ చాచింది. కాశీపట్నం చేరేదాకా తేడా చప్పుడు ఒక్కటి లేదు. పైడయ్య దిగి, "ఇది దిగుడు. అరుగుడు సంగతి ఇంకా తేలనేదు," అనేసి టీ తాగడానికి పోయాడు. ఒప్పుకుంటే ఆయన పైడయ్య ఎందుకవుతాడు?

జీపు ఆ కాలమంతా ఎక్కింది, దిగింది. కాఫీ పని అయిపోయాక కనక దాన్ని మళ్లీ విప్పింది. ఎవరూ అడగలేదు, బండీ బాగానే ఉంది. ఫల్గుణ లబోదిబోమన్నా వినలేదు. తేలని మాట ఒకటి షెడ్డులో పడి ఉండగా ఆమెకు మనసు నిలవదు. క్యాము బయటికి తీసి, తుడిచి, పైడయ్య ఒళ్లో పెట్టింది.

ఆయన కళ్లతో చూడలేదు. గోరు పెట్టి ఒక్కో ముక్కూ నెమ్మదిగా రాసి చూశాడు. ఎనిమిదీ అయ్యాయి. నమ్మకం కుదరక మొదటి నుంచి ఇంకోసారి చూశాడు. అరిగిన గాడి లేదు, గోరు ఎక్కడా తగులుకోలేదు. 

పైడయ్య క్యాము పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నలభై ఏళ్లు బొటనేలితో నొక్కినాను," అన్నాడు. "ఆ కాటా లెక్క ఏటో నాకు సెప్పవే. మొదట్నించీ సెప్పు, బేగి సెప్పకు."

 కనక ఒక స్ప్రింగు తీసి గురువు చేతిలో పెట్టింది.

"ముందు దీని ఎత్తు కొలవాల, మేస్త్రీ," అంది.