బ్రేకులు మార్పించడానికి రాయపూర్ వెళ్ళొచ్చాం

"ఉద్యోగమూ వద్దు, బండీ వద్దు. రేపే తుక్కువాడికి ఇచ్చేస్తాను" అన్నాడు మా అబ్బాయి రమణ.

"ఇవ్వు నాన్నా. నేను లారీల్లో ఎక్కి వెళ్తాను" అంది నా మనవరాలు హేమ.

"నిన్న కోతి మలుపు దగ్గర పెడలు నేలకి అంటిందా లేదా? హ్యాండు బ్రేకు లాగబట్టి బతికావా లేదా?"

"అంటింది. అందుకే బాగు చేయించమంటున్నాను. మానెయ్యమంటే మానను."

మా ఇల్లు కేష్కాల్‌లో, కొండ ఘాటు రోడ్డు పైన. హేమ కింద కాంకేర్ ఆసుపత్రిలో రక్త పరీక్షలు చేస్తుంది. పొద్దుటి డ్యూటీకి సరిపడే బస్సు లేదు. మా ఆయన వాడిన పాత చిన్న కారే దానికి ఆధారం. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. పన్నెండు మలుపులు దిగేసరికి వేడెక్కిపోయి పట్టు వదిలేస్తాయి. కారు లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే ఇది ఇంట్లో కూర్చుని ఏడుస్తుంది. ఇద్దరి నోళ్ళూ నేనే మూయించాను.

"రాయపూర్‌లో ముందు చక్రాలకి వేడికి పట్టు వదలని డిస్కు బ్రేకులు వేస్తారట కదా. వేయించుకొస్తాం. నేనూ వెళ్తాను" అన్నాను.

తెల్లవారి అయిదున్నరకి బయల్దేరాం. పులిహోర కట్టాను, రెండు సీసాల నీళ్ళు పెట్టాను. బయట కొనుక్కు తాగడం నాకు గిట్టదు. ఘాటంతా మొదటి గేరులోనే దిగాం, లారీలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. సగం దారిలో అమ్మవారి గుడి దగ్గర ఆగి, దణ్ణం పెట్టుకుని, చక్రాలు చల్లారాక మళ్ళీ కదిలాం. కింద నేల చదునయ్యాక గానీ నేను తలుపు పిడి వదల్లేదు.

ధమ్‌తరీ చేరేసరికి తొమ్మిదిన్నర. హేమ హోటల్లో అటుకుల పోహా, జిలేబీ తింటానంటే సరేనన్నాను. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన, మా తెలుగు విని పలకరించాడు. భిలాయిలో పనిచేసి రిటైరయ్యాడట.

"అమ్మాయే నడుపుతోందా? మగాళ్ళెవరూ రాలేదా అమ్మా?"

"ఇంట్లో ఉన్నాడొక మగాడు, దీని నాన్న. వాడు బస్సెక్కినా మలుపు వస్తే కళ్ళు మూసుకుంటాడు" అన్నాను. హేమకి పొలమారింది.

పన్నెండుకి రాయపూర్ ఊరు చుట్టూ తిరిగి టాటీబంధ్ చేరాం. అక్కడ ఎటు చూసినా లారీలే. అడ్రసు కాగితం మీద రాసుకున్నాం గానీ, టైర్ల దుకాణాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. ముగ్గుర్ని అడిగాక షెడ్డు దొరికింది. మేస్త్రీ ఒక సర్దార్జీ, నా ఈడువాడే. బండి కింద పడుకుని చూసి లేచి, చేతులు తుడుచుకుంటూ హిందీలో చెప్పాడు.

"ముందు రెండు చక్రాలకీ డిస్కులు పడతాయి మాతాజీ. రెండు రోజుల పని. దాంతోపాటు మాస్టర్ సిలిండర్ కూడా కొత్తది వెయ్యాలి."

పెడలు తొక్కితే నూనెని చక్రాలకి తోసేది అదేనట. నేను దాన్ని తీయించి చూశాను. చుక్క కారడం లేదు, తుప్పు లేదు. పోయినేడే మార్పించాం కూడా.

"ఇది బాగానే ఉంది కదయ్యా. బాగున్నదాన్ని ఎందుకు పారేయడం?"

"డ్రమ్ముకి వేరు, డిస్కుకి వేరు మాతాజీ."

"నూనె అదే కదా, తోసేది అదే కదా. ఇదే పెట్టు."

"మామ్మా, ఆయన చెప్పింది విను" అంది హేమ. నేను వినలేదు. సర్దార్జీ తల ఊపి, "పెడతాను. దారిలో చక్రం వేడెక్కితే మాత్రం వెనక్కి వచ్చెయ్యండి" అన్నాడు.

ఆ రెండు రోజులూ దేవేంద్ర నగర్‌లో మా వరలక్ష్మి వదిన ఇంట్లో ఉన్నాం. "లాడ్జిలో దిగితే నీ మొహం చూడను" అని ముందే ఫోనులో బెదిరించింది. పెట్టిన భోజనానికి బదులుగా ఆవిడ అల్మరా సర్ది పెట్టాను. కాలం చెల్లిన మందు సీసాలు పదకొండు తేలాయి. "నువ్వు మా ఇంటికి చుట్టానివా, తనిఖీకి వచ్చినదానివా?" అంది వదిన.

మూడో రోజు పదకొండు గంటలకి బండి తీసుకున్నాం. టాటీబంధ్ రద్దీలో హేమ పెడలు తొక్కితే బండి ఉన్నచోటే ఆగింది. నా ప్రాణం లేచొచ్చింది. ధమ్‌తరీ రోడ్డు ఎక్కి అభన్‌పూర్ దాటాక మాడు వాసన వచ్చింది.

"ముందు లారీది మామ్మా" అంది హేమ.

లారీ వెళ్ళిపోయింది, వాసన పోలేదు. పైగా బండి బరువుగా లాగుతోంది. పక్కకి ఆపించి దిగాను. దోసెల పెనం కాగిందో లేదో చూసినట్టు, సీసాలో నీళ్ళు చేత్తో వెనక చక్రం మీద చిలకరించాను. నీళ్ళు జారిపోయాయి. ముందు చక్రం మీద చిలకరిస్తే చుయ్యిమంది. అవతలి ముందు చక్రం కూడా అంతే.

హేమ వెంటనే షెడ్డుకి ఫోను చేసింది. చల్లారనిచ్చి, మెల్లగా తెమ్మన్నాడు సర్దార్జీ. గంట సేపు రోడ్డు పక్క కూర్చున్నాం. బండి ఇలాగే ఘాటు దాకా వెళ్ళి ఉంటే! హేమ బతుకూ ఉద్యోగమూ రెండూ నా చేతులతో పాడు చేసేదాన్ని.

షెడ్డులో సర్దార్జీ నాకు విప్పి చూపించాడు. పాత సిలిండర్లో చిన్న కవాటం ఒకటి ఉంది, అది నూనెని కొంచెం బిగపట్టి ఉంచుతుంది. డ్రమ్ములో స్ప్రింగులు ఉంటాయి గనక, చక్రాన్ని అదిమే బ్రేకు పట్టీలని కాలు తీయగానే వెనక్కి లాగేస్తాయి. డిస్కుకి స్ప్రింగులు లేవు. కాలు తీసినా బ్రేకు వదలక, దారి పొడవునా రాసుకుంటూనే వచ్చిందట.

"తప్పు నాదేనయ్యా. కొత్తది వెయ్యి" అన్నాను.

"మీరు నీళ్ళు చల్లి చూడబట్టి సరిపోయింది మాతాజీ. నూనె మరిగితే పెడలు ఉత్తినే నేలకి దిగిపోయేది."

మీలో ఎవరైనా పాత కారుకి ఈ పని చేయిస్తే, సిలిండరు దగ్గర నాలాగా పట్టు పట్టకండి. పొదుపు వేరే చోట చూసుకోండి.

ఆ రాత్రి మళ్ళీ వదిన ఇంట్లోనే పడుకున్నాం. మర్నాడు ఎనిమిదికి బయల్దేరి, ప్రతి గంటకీ ఆగి చక్రం తడిమి చూశాను. గోరువెచ్చగా ఉందంతే. కాంకేర్‌లో అన్నం తిని, మూడింటికి ఘాటు ఎక్కాం. రాయపూర్ నాకు లారీల పొగగానూ, వదిన తిట్లుగానూ, నన్ను మందలించని ఒక మేస్త్రీగానూ గుర్తుంటుంది.

రమణ బండి చుట్టూ తిరిగి చూశాడు. మర్నాడు ఆరున్నరకి హేమ డ్యూటీకి బయల్దేరుతుంటే, అడక్కుండానే పక్క సీట్లో కూర్చున్నాడు. పది గంటలకి బస్సులో ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"మలుపులో ఆవుల మంద అడ్డం వచ్చింది."

"అయితే?"

"ఆగింది" అని, కంచం ముందు కూర్చుని అయిదు ఇడ్లీలు తిన్నాడు.